కార్డుకి కవచం: సిగరెట్ ప్యాకెట్ నుంచి పోస్టు కవరు దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉండే ఒక అట్టముక్క. బరువు రెండు గ్రాములు కూడా ఉండదు. దాన్నే ట్రేడింగ్ కార్డు అంటున్నాం. బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉంటే బేస్‌బాల్ కార్డు, పికాచూ బొమ్మ ఉంటే పోకెమాన్ కార్డు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రుల దగ్గర ఈమధ్య ఒక ప్రశ్న తరచూ వింటున్నాను. "మావాడు ఇంట్లో కూర్చుని కార్డులు అమ్ముతున్నాడండీ. ఒక్క అట్టముక్కకి ఒక ప్లాస్టిక్ తొడుగు, దాని మీద ఇంకో గట్టి తొడుగు, దాని మీద ఒక సంచి, అటొక అట్ట ఇటొక అట్ట, ఆపైన బుడగల కవరు! ఇంత హంగామా అవసరమా?" అని. అవసరమే. అయితే ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే 140 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈరోజు ఇన్ని పొరల ప్యాకింగ్ కోరుకుంటున్న ఈ కార్డు పుట్టిందే ప్యాకింగ్ సామానుగా.

1880ల అమెరికా అనుకోండి. అప్పటిదాకా సిగరెట్లు చేత్తో చుట్టేవారు. జేమ్స్ బోన్సాక్ అనే ఆయన సిగరెట్లు చుట్టే యంత్రం కనిపెట్టాడు. దాంతో ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది, కంపెనీల మధ్య పోటీ కూడా పెరిగింది. అప్పటి సిగరెట్ ప్యాకెట్ మెత్తటి కాగితం. జేబులో పెట్టుకుంటే నలిగిపోయేది, లోపల సిగరెట్లు విరిగిపోయేవి. అందుకని లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఆ అట్ట పని ఒక్కటే, ప్యాకెట్టుకి దన్నుగా నిలబడటం. ఎలాగూ అట్ట పెడుతున్నాం, దాని మీద ఒక బొమ్మ వేస్తే పోలేదా అని కంపెనీలకి తట్టింది. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో ఉన్న అలెన్ అండ్ జింటర్ కంపెనీ 1887లో 'ప్రపంచ ఛాంపియన్లు' అనే పేరుతో 50 కార్డుల వరుస తెచ్చింది. అందులో 10 మంది బేస్‌బాల్ ఆటగాళ్ళు, మిగతావాళ్ళు మల్లయోధులు, బాక్సర్లు, పడవ పందేల వాళ్ళు వగైరా. 50 బొమ్మలూ కావాలంటే ఎన్ని ప్యాకెట్లు కొనాలో మీరే లెక్క వేసుకోండి. కంపెనీకి కావలసింది కూడా అదే.

వర్జీనియా అనే మాట గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి కొత్త కాదు. వర్జీనియా పొగాకు వేసిన నేల అది. ఆ ఆకు వెనకున్న కంపెనీల చరిత్రా, ఈ కార్డుల చరిత్రా ఒకే చెట్టు కొమ్మలు. ఇంగ్లండ్‌లో కార్డులు బాగా వ్యాప్తి చేసిన కంపెనీల్లో విల్స్ ఒకటి. ఆ కంపెనీ 1901లో ఇంపీరియల్ టొబాకోలో చేరింది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా పుట్టింది. ఇప్పుడు మనం ఐటీసీ అంటున్నామే, అదే.

సరే, మళ్ళీ కార్డు దగ్గరికి వద్దాం. నాన్నలు సిగరెట్ కాల్చి పారేస్తే, కార్డు పిల్లల చేతికి వచ్చేది. పిల్లలు వాటిని గోడకి విసిరి ఆడుకునేవారు, మార్చుకునేవారు, జేబుల్లో కుక్కుకునేవారు. దాచుకోవాలనుకున్నవాళ్ళు ఏం చేసేవారు? జిగురు పెట్టి పుస్తకంలో అంటించేవారు. 1930లలో ఇంగ్లండ్‌లో ప్లేయర్స్ కంపెనీ అయితే కార్డు వెనక ముందే జిగురు పూసి ఇచ్చేది, అంటించుకోవడానికి ఒక పెన్నీకి ఆల్బమ్ అమ్మేది. ఇవాళ ఒక కార్డు వెనక జిగురు మరక ఉంటే దాని ధర పాతాళానికి పోతుంది. ఆ రోజుల్లో జిగురే రక్షణ!

ఇది పిల్లల తెలియనితనం అనుకోకండి. జెఫర్సన్ బర్డిక్ గురించి చెబుతాను. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ ఊళ్ళో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసిన సామాన్య ఉద్యోగి. పెళ్ళి చేసుకోలేదు, కీళ్ళవాతంతో జీవితమంతా బాధపడ్డాడు. కానీ అమెరికాలో అచ్చయిన కార్డులన్నిటికీ పేర్లు, సంఖ్యలు పెట్టి ఒక జాబితా తయారుచేసింది ఆయనే. ప్రఖ్యాతి పొందిన 'టీ206' అనే పేరు ఆయన పెట్టినదే. ఆయన తన సేకరణ మొత్తం, మూడు లక్షలకు పైగా వస్తువులు, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అందులో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే. ఇచ్చి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి మ్యూజియంలో ఒక బల్ల ముందు కూర్చుని, వంకరపోయిన వేళ్ళతో ఒక్కొక్కటే ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో ఆఖరి పని ముగించాడు. రెండు నెలలకే చనిపోయాడు.

ఆయన చేసింది తప్పా? ఆయన దృష్టిలో కార్డు అంటే బొమ్మ, దాని వెనక సమాచారం, ఏ వరుసలో ఎన్నోది అనే లెక్క. అవి పోకుండా ఉండాలి. అంచు ఎంత పదునుగా ఉంది అనేది ఆయన ప్రశ్నే కాదు. నేను ఈరోజు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదేనండీ. ఒక వస్తువులో మనం దేనికి విలువ ఇస్తామో దానికే కాపలా పెడతాం. విలువ మారితే కాపలా పద్ధతీ మారుతుంది.

ఇక పోస్టు సంగతి. కార్డులు పోస్టులో తిరగడం ఇంటర్నెట్‌తో మొదలైన పని కాదు. లండన్ సిగరెట్ కార్డ్ కంపెనీ 1927లోనే మొదలై, పోస్టు ద్వారా కార్డులు అమ్మింది. అమెరికాలో ఒక సంఘటన నాకు చాలా ఇష్టం. 1933లో గౌడీ అనే బబుల్‌గమ్ కంపెనీ 240 నంబర్ల కార్డుల వరుస తెచ్చింది. పిల్లలు కొన్నారు, కొన్నారు, కొంటూనే ఉన్నారు. కానీ 106వ నంబరు కార్డు మాత్రం ఎవరికీ దొరకదు. ఎందుకు దొరుకుతుంది, కంపెనీ అచ్చు వేస్తేగా! పట్టుదల ఉన్నవాళ్ళు కంపెనీకి ఉత్తరాలు రాశారు. అప్పుడు 1934లో నాప్ లాజొయ్ అనే పాతతరం ఆటగాడి బొమ్మతో 106వ కార్డు అచ్చువేసి, ఉత్తరం రాసినవాళ్ళకి పోస్టులో పంపారు. ఎలా పంపారో తెలుసా? జవాబు ఉత్తరానికి పేపర్‌క్లిప్పుతో తగిలించి!

ఇవాళ ఆ కార్డు అతి అరుదైన వాటిలో ఒకటి. మిగిలిన వాటిలో చాలావాటి మీద ఇప్పటికీ ఆ క్లిప్పు నొక్కిన గుర్తు కనిపిస్తుంది. 90 ఏళ్ళ కిందట ఎవరో గుమాస్తా ఒక క్షణంలో చేసిన పని, ఆ అట్ట మీద అలాగే ఉండిపోయింది. కొన్నవారికి కార్డు పంపేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన మొదటి పాఠం అదే. కాగితానికి జ్ఞాపకశక్తి ఎక్కువ. నొక్కితే గుర్తుంచుకుంటుంది, తడిస్తే గుర్తుంచుకుంటుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత టాప్స్ కంపెనీ రంగంలోకి వచ్చింది. 1952లో సై బెర్జర్ ఆధ్వర్యంలో పెద్ద సైజు రంగుల కార్డులు తెచ్చారు. 1957లో సైజు తగ్గించి రెండున్నర, మూడున్నర అంగుళాలు చేశారు. ఈరోజుకీ అదే ప్రమాణం. మనం వాడే తొడుగులన్నీ ఆ కొలతకి చేసినవే. కానీ ఆ రోజుల్లో కార్డు పక్కనే ప్యాకెట్లో బబుల్‌గమ్ పలక ఉండేది. దాని మరక కార్డుకి అంటేది. పిల్లలు కార్డుల కట్టకి రబ్బరుబ్యాండు వేసేవారు, అంచులు కోసుకుపోయేవి. సైకిల్ చక్రంలో టకటకమని చప్పుడు రావాలని చువ్వల మధ్య కార్డు పెట్టేవారు. మన పిల్లలు బెలూన్ కట్టుకునేవారు చూడండి, అలా. కంపెనీకి కూడా విలువ తెలియదు. 1952 నాటి అమ్ముడుపోని సరుకు గోదాములో అడ్డంగా ఉందని 1960లో సై బెర్జర్ పడవలో తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. ఆ వరుసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది.

మధ్యలో ఏం జరిగింది? ధరల పుస్తకం వచ్చింది. జేమ్స్ బెకెట్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ 1979లో కార్డుల ధరల గైడు తెచ్చాడు. 1984 నుంచి నెలనెలా పత్రిక. అందులో ఒకే కార్డుకి స్థితిని బట్టి వేర్వేరు ధరలు. అంతవరకూ "ఆ కార్డు నీ దగ్గర ఉందా?" అని అడిగేవారు. అప్పట్నుంచి "మూలలు ఎలా ఉన్నాయి?" అని అడగడం మొదలైంది. సామాన్యుడికి కనపడని సూదిమొనంత అరుగుదల, వందల డాలర్ల తేడా. ఆ రోజు నుంచే కార్డుకి కవచం కావలసి వచ్చింది.

మొదట్లో వాడిన కవచాలు కొన్ని శత్రువులయ్యాయి. మెత్తటి పీవీసీ షీట్లలో, మెత్తదనం కోసం కలిపిన రసాయనాలు కొన్నేళ్ళకి బయటికి వచ్చి కార్డుని జిడ్డు చేసేవి. నాలుగు మూలలా మరలు బిగించే గాజులాంటి పెట్టెలు వచ్చాయి. గట్టిగా బిగిస్తే కార్డు అణిగిపోయేది. రక్షణ ఎక్కువైనా ప్రమాదమే అన్నమాట.

ఇప్పుడు ఆ పిల్లవాడి టేబుల్ మీదున్న సామాను ఒక్కొక్కటే చూద్దాం. ప్రతిదానికీ ఒక చరిత్ర ఉంది, ప్రతిదానికీ ఒక్క శత్రువే ఉంది.

మొదటిది పల్చటి తొడుగు, పెన్నీ స్లీవ్. ఇది గీతల నుంచి కాపాడుతుంది. రెండోది టాప్‌లోడర్, పైన మాత్రమే తెరిచి ఉండే గట్టి ప్లాస్టిక్ పలక. ఇది వంగకుండా కాపాడుతుంది. మొదటిది లేకుండా రెండోదాంట్లో తోస్తే, గట్టి ప్లాస్టిక్కే కార్డుని గీస్తుంది. అందుకే ఆ వరుస.

టాప్‌లోడర్ నోరు మూయడానికి టేపు వేస్తారు, లేకపోతే దారిలో కార్డు జారి బయటికి వస్తుంది. ఇక్కడ మామూలు సెల్లోటేపు వేస్తే జిగురు వదలదు. కొన్నవాళ్ళు పీకేటప్పుడు కార్డే బయటికి ఎగురుతుంది, లేదా టేపు మూలకి అంటుకుంటుంది. అందుకని గోడలకి రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపు వాడతారు. దీని ముత్తాత 1925లో త్రీఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ తయారుచేసిన మాస్కింగ్ టేపు. కార్లకి రెండు రంగులు వేసేటప్పుడు, అంటుకోవాలి, కానీ పీకితే రంగు ఊడకూడదు. ఆ అవసరం కోసం పుట్టింది. టేపు కొసని కొంచెం మడిచి వదిలితే, కొన్నవాళ్ళు గోరుతో గీరుకోనక్కర్లేకుండా లాగొచ్చు. చిన్న మర్యాద, కానీ ఎంతో మేలు.

మూడోది అంటించే మూత ఉన్న సంచి. తడి నుంచి కాపాడుతుంది. వానలో మెయిల్‌బాక్సు తడిస్తే గట్టి ప్లాస్టిక్ ఏమీ చేయలేదు, నీళ్ళు పైనుంచి దిగుతాయి.

నాలుగోది అట్ట. లోపల అలలు అలలుగా ఉండే అట్టని అమెరికాలో 1871లో ఆల్బర్ట్ జోన్స్ పేటెంట్ చేశాడు. సీసాలు, దీపాల చిమ్నీలు పగలకుండా చుట్టడానికి. ఈ అట్ట అలల గీతల వెంట తేలిగ్గా మడత పడుతుంది, అడ్డంగా మడత పడదు. అందుకని కార్డుకి అటూ ఇటూ అట్టలు పెట్టేటప్పుడు ఒకదాని గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా పెడితే ఎటూ వంగదు. అట్టలు కార్డు కంటే కొంచెం పెద్దవిగా ఉండాలి. దెబ్బ మూలకే తగులుతుంది, ఆ మూల అట్టది కావాలి, కార్డుది కాకూడదు.

అయిదోది బుడగల కవరు. 1957లో న్యూజెర్సీలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు గోడలకి అంటించే కొత్తరకం వాల్‌పేపర్ చేద్దామని రెండు ప్లాస్టిక్ పొరలు అతికించారు. మధ్యలో గాలి బుడగలు మిగిలాయి. వాల్‌పేపర్‌గా పనికిరాలేదు గానీ, ప్యాకింగుకి పనికొచ్చింది. బుడగలు దెబ్బని మింగుతాయి. కానీ వంపుని ఆపలేవు. బుడగల కవరు ఉంది కదా అని అట్ట మానేసేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

మరి ఈ దెబ్బలు, వంపులు ఎక్కడివి? పోస్టుమ్యాన్ మడతపెట్టడం వల్లే అనుకుంటాం. అసలు సంగతి వేరే. అమెరికాలో ఉత్తరాలు విడదీసే యంత్రం గంటకి 30 వేలకు పైగా కవర్లని బెల్టుల మధ్య పట్టుకుని, చక్రాల చుట్టూ తిప్పుతూ పరిగెత్తిస్తుంది. "మడవకండి" అని ఎర్ర అక్షరాలతో రాసినా యంత్రం చదవదు. మామూలు కవర్లో గట్టి టాప్‌లోడర్ పెట్టి పంపితే, చక్రం దగ్గర అది వంగదు కాబట్టి కవరు చిరిగి కార్డు ఎగిరిపోవచ్చు. అందుకే అమెరికా పోస్టు లెక్కలో ఉత్తరం పావు అంగుళం కంటే మందం ఉండకూడదు. గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేత్తో విడదీయాలి, దానికి అదనపు రుసుము కట్టాలి.

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. ఈబే 1995లో మొదలైంది. పేరూ ఊరూ తెలియనివాళ్ళ మధ్య కార్డుల వ్యాపారం దాంతో మామూలైపోయింది. వస్తువు దెబ్బతిని వస్తే కొన్నవాళ్ళు డబ్బు వాపసు అడగొచ్చు, నష్టం అమ్మినవాడిదే. బుడగల కవర్లో ట్రాకింగుతో పంపితే నాలుగైదు డాలర్ల పైనే అవుతుంది. లక్ష డాలర్ల కార్డు అమ్మేవాడికి అది లెక్కా? కానీ మూడు డాలర్ల కార్డు అమ్మే పన్నెండేళ్ళ కుర్రాడికి? ప్యాకింగ్ ఖర్చు కార్డు ఖర్చుని మించిపోతే, చిన్న కార్డులకి బజారే ఉండదు. కోవిడ్ కాలంలో ఇంట్లో కూర్చున్న జనం కార్డుల మీద పడ్డారు. 2021 మేలో టార్గెట్ దుకాణాలు గొడవలకి భయపడి కార్డులు షాపుల్లో అమ్మడం ఆపేశాయి. అదే ఏడాది ఈబే, 20 డాలర్ల లోపు కార్డుల కోసం ట్రాకింగ్ ఉన్న పల్చటి కవరు సదుపాయం తెచ్చింది. పెద్ద వార్తేమీ కాలేదు. కానీ నా దృష్టిలో కోట్ల వేలంపాటల కంటే అదే ముఖ్యమైన సంగతి. చిన్నవాళ్ళ చిన్న వ్యాపారానికి దారి వేసింది అదే కాబట్టి.

ఇక ఆఖరి కవచం, అన్నిటికంటే గట్టిది. 1991లో పీఎస్‌ఏ అనే సంస్థ మొదలైంది. కార్డుని పరీక్షించి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అంచులు కరిగించి అతికేస్తారు. పగలగొడితే తప్ప తెరవలేరు. ఇది నాకు మన పాత పోస్టాఫీసుని గుర్తుచేస్తుంది. పార్సిల్ని తెల్లగుడ్డలో పెట్టి కుట్టించి, కుట్ల మీద లక్క కరిగించి ముద్ర వేయించేవాళ్ళం గుర్తుందా? లక్క దెబ్బ నుంచి కాపాడదు. "మధ్యలో ఎవరూ తెరవలేదు" అని హామీ ఇస్తుంది, అంతే. ఈ ప్లాస్టిక్ పెట్టె చేసే ముఖ్యమైన పని కూడా అదే.

కానీ హామీకి కూడా ఒక హద్దుంది. పీఎస్‌ఏ మార్కు వేసిన మొట్టమొదటి కార్డు టీ206 వరుసలోని హోనస్ వాగ్నర్. 1909 ప్రాంతంలో అచ్చయింది. ఆయన తన బొమ్మ వాడటానికి ఒప్పుకోకపోవడంతో అచ్చు ఆగిపోయింది, చాలా కొద్ది మిగిలాయి. ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 1991లో ఆ కార్డుని 4,51,000 డాలర్లకి కొన్నారు. దానికి 8 మార్కు వచ్చింది. వందేళ్ళ నాటి కార్డుకి అంత చక్కటి అంచులా అని చాలామంది అనుమానపడ్డారు. 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి, ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని కోర్టులో ఒప్పుకున్నాడు. అంటే లోకంలోకెల్లా భద్రంగా దాచిన ఆ కార్డులో, కార్డుతో పాటు ఒక అబద్ధం కూడా భద్రంగా దాగి ఉంది. ప్యాకింగ్ వస్తువుని కాపాడగలదు. మనిషి నిజాయితీకి మాత్రం బదులు రాలేదు.

అందుకే పిల్లలకి ప్యాకింగ్ నేర్పేటప్పుడు రెండు పనులు కలిపి నేర్పమంటాను. కవర్లో పెట్టే ముందు కార్డు ముందూ వెనకా వెలుతురులో ఫోటో తీయమనండి. మూల అరిగి ఉంటే అరిగిందని రాసి అమ్మమనండి. ఆ తర్వాత తొడుగు, పలక, సంచి, అట్టలు, కవరు. మూసేశాక ఒక్కసారి ఊపి చూడమనండి. లోపల కదులుతున్న చప్పుడు వస్తే మళ్ళీ విప్పి సర్దాల్సిందే. ఫోటోలో నిజం, కవర్లో శ్రద్ధ. రెండూ ఉంటేనే అవతల ఊళ్ళో కవరు విప్పినవాళ్ళు మళ్ళీ వాడి దగ్గర కొంటారు.

మన దగ్గర తొంభైల్లో పెరిగినవాళ్ళు ట్రంప్ కార్డులు రబ్బరుబ్యాండు వేసి స్కూలు సంచిలో పడేసినవాళ్ళే. అవి ఇవాళ ఎవరి ఇంట్లో అయినా ఉంటే, మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. ధర రాదు. ఫర్వాలేదు, ఆ అరుగుదల ఆడుకున్న గుర్తు. అన్ని కార్డులకీ కవచం అక్కర్లేదు. అమ్మాక, డబ్బు తీసుకున్నాక, అది మన కార్డు కాదు. ఇంకొకరి సొత్తు మన చేతిలో ఉంది. కవచం అక్కర్లోకి వచ్చేది అప్పుడే.

వచ్చే ఎపిసోడ్‌లో అగ్గిపెట్టెల మీద బొమ్మల చరిత్ర చెప్పుకుందాం. మీ ఇంట్లో పాత అగ్గిపెట్టె లేబుళ్ళు ఏవైనా ఉంటే తీసి దగ్గర పెట్టుకోండి. జిగురు మాత్రం పెట్టకండి.